గాలితెర వెనుక గ్రహబింబము

హైదరాబాదు నగరమునకు దక్షిణమున శంషాబాదు చుట్టుపట్ల, 2008 మార్చి నెలలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడిన నాటినుండి, రాత్రి పూర్వపు రాత్రిగా మిగిలియుండలేదు. రన్‌వే దీపములు, అవుటర్ రింగు రోడ్డు వెలుగులు, ఎడతెగక లేచుచు దిగుచుండు విమానములు – ఇన్నింటి నడుమ పెరటితోటలో దూరదర్శినిని నిలిపి గురు, శని, కుజ బింబములకు ఛాయాచిత్రములు తీయువారు కలరనిన వినువారికి మొదట వింతగా తోచును. అట్టి వారిలో నొకరును, భౌతికశాస్త్రోపాధ్యాయత్వమునుండి విశ్రాంతి నొంది, కంటితో చూచి చేతితో గీయుటయే గ్రహపరిశీలనమని నమ్మిన వారి మేనమామయు చేసిన వాదమును ఇచట పొందుపరచుచున్నాను. ఈ వాదము పైకి యంత్రములను గూర్చినదిగా కనబడినను, దీనిలో తేలవలసిన ప్రశ్న ఒక్కటే: కదలుచున్న గాలి గుండ తీసిన వేలకొలది చిత్రములలో మంచివానిని మాత్రమే ఏరి కూర్చిన రూపము సత్యమనిపించుకొనునా?

మామయ్య: నాయనా, నీ తోటలో చెట్లు బాగున్నవి, పచ్చిక బాగున్నది, ఖగోళపరిశీలనకు నీవు ఎన్నుకొన్న చోటు మాత్రము బాగులేదు. ఈ నగరముననే నవాబు జఫర్ జంగ్ బహాదుర్ 1901లో తన ఫిసల్‌బండ ఎస్టేటునందు నిజామియా వేధశాలను స్థాపించి, పదునైదు అంగుళముల గ్రబ్ దూరదర్శినిని తెప్పించెను. ఆయన అనంతరము 1908లో నిజాం ప్రభుత్వము దానిని స్వీకరించెను. అది బేగంపేటకు తరలెను. అచట ఎనిమిదంగుళముల కుక్ ఛాయాగ్రాహక దూరదర్శినితో, అంతర్జాతీయ నక్షత్రపట్టిక నిమిత్తము, దక్షిణాకాశమున 17 నుండి 23 డిగ్రీల వరకు గల మేఖలనంతయు గాజుఫలకములపై కెక్కించి, లక్షలాది నక్షత్రముల స్థానములను నిర్ణయించిరి. అంతటి వేధశాలకును నగరదీపముల బాధ తప్పలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు తమ 48 అంగుళముల దూరదర్శినిని 1968లో దూరముగా జాపాల్–రంగాపూర్ గ్రామసీమలో నెలకొల్పవలసివచ్చెను. వేధశాలయే దీపములకు వెరచి పల్లెకు పోగా, నీవు విమానాశ్రయపు గోడకు చేరువగా కూర్చుండి గ్రహములను పట్టుదుననుట సాహసము కాదా?

అల్లుడు: మామయ్యా, మీరు చెప్పిన చరిత్రలో లోపము లేదు, దానినుండి తీసిన నిర్ణయమునందే లోపము కలదు. మిణుకుమనెడు నక్షత్రములను, నీహారికలను చిత్రించువారికి చీకటియే మూలధనము; దీపకాంతి సోకిన ఆకాశమున అవి మునిగిపోవును. గ్రహముల సంగతి వేరు. గురుడును శుక్రుడును విమానాశ్రయపు దీపముల నడుమ నిలిచి చూచినను కంటికి కొట్టవచ్చినట్లు కనబడుదురు. గురుబింబమును పట్టుటకు సెకనులో నూరవవంతు కాలము కెమెరాకు వెలుగు సోకిన చాలును. కావున నాకు శత్రువు దీపము కాదు, గాలి. గాలిలో ఉష్ణోగ్రత ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ మారినచో దాని వక్రీభవన గుణకము పదిలక్షలలో ఇంచుమించు ఒకవంతు మారును. ఈ మార్పు లెక్కకు రానంతటిదిగా తోచును గాని, కాంతితరంగపు పొడవు మిల్లీమీటరులో రెండువేలవవంతు మాత్రమే గనుక, వేడిగాలియు చల్లగాలియు కలియబడుచున్న కొన్ని మీటరుల దారిలోనే ఆ తరంగము తన సమత్వమును కోల్పోవును. అంతట గురుబింబము కదలియాడును, అంచులు చెదరును, మేఘపట్టీలు ఒకదానిలోనొకటి కలిసిపోవును. దీనినే మావాళ్లు ‘సీయింగ్’ చెడినదని యందురు.

మామయ్య: అట్లయినచో నీ చోటు మరింత చెడ్డదని నీవే ఒప్పుకొనుచున్నావు. ఈ నేల గ్రానైటు గుండ్ల నేల. పగలంతయు ఎండ సోకిన గుండ్లును, కాంక్రీటు మేడలును, నాలుగు కిలోమీటరులకు పైబడి పొడవున్న రన్‌వేయును రాత్రి పొడుగునను వేడిని విడుచుచుండును. పైగా విమానముల ఇంజనులు వెడలగ్రక్కు ఆవిరులు, వాని రెక్కల వెనుక సుడులు. ఈ కలత గుండ చూచి గురుని మేఘములలోని మెలికలను గుర్తింతునందువా?

అల్లుడు: గాలి కలత మూడు చోట్ల పుట్టును, ఆ మూడింటికిని మూడు జాగ్రత్తలు కలవు. మొదటిది దూరదర్శిని గొట్టములోనే పుట్టును. ఇంటి వేడితోనున్న దర్పణమును ఒకటి రెండు గంటలు ముందుగా ఆరుబయట నుంచినచో అది చల్లారి ఈ దోషము తగ్గును. రెండవది నేలకు చేరువలోనిది. అందుచేతనే నేను మేడమీదికి పోక తోటలో నిలిచితిని. కాంక్రీటు కప్పు వేడిని దాచుకొని అర్ధరాత్రి దాటినను వదలుచుండును. పచ్చిక త్వరగా చల్లబడును. రన్‌వే వైపున, పొరుగువారి కప్పుల మీద తక్కువ ఎత్తులో నున్న గ్రహమును నేను చిత్రింపను. అది నడినెత్తికి వచ్చువరకు వేచియుందును. మూడవది పన్నెండు కిలోమీటరుల ఎత్తున శీతకాలమందు పడమటినుండి తూర్పునకు ప్రవహించు జెట్ ప్రవాహము. దాని ప్రధానమార్గము హిమాలయములకు దక్షిణముగా ఉత్తరభారతముపై నుండుటచే, ఢిల్లీవారికి కలిగినంత బాధ సాధారణముగా మనకు కలుగదు.

ఇంక చోటు మంచిచెడ్డలందు మీరు లెక్కింపనిది అక్షాంశము. శంషాబాదు పదునేడు డిగ్రీలకు కొంచెము పైన నున్నది. 2026 జనవరి 10వ తేదీన గురుడు సూర్యునకు సరిగా ఎదుట నిలిచినపుడు మిథునరాశిలో నుండి, విషువద్వృత్తమునకు ఇరువదిరెండు డిగ్రీలు ఉత్తరముగా నుండెను. అనగా మన నడినెత్తికి అయిదు డిగ్రీల దూరములో దాటెను. లండను నగరమువారికి అదే గురుడు అరువది డిగ్రీల ఎత్తున మాత్రమే లభించెను. 2018లో శని ధనూరాశిలో నున్నపుడు మనకు ఏబది డిగ్రీల ఎత్తున నుండగా, లండనువారికి పదునారు డిగ్రీలకు మించలేదు. వారు శనిని చూడవలెనన్న నడినెత్తి గాలికి మూడున్నర రెట్లు మందమైన గాలి గుండ చూడవలసివచ్చెను. గ్రహచిత్రణమునకు మన తెలుగునేల ప్రకృతి యిచ్చిన వరము. దీపములను చూచి ఆ వరమును కాదనుట తగదు.

మామయ్య: చోటును గూర్చిన వాదము అటుండనిమ్ము. ప్రయోజనమును గూర్చి అడుగుదును. వాతావరణమునకు పైన హబుల్ దూరదర్శిని తిరుగుచున్నది. జూనో నౌక 2016 జూలైనుండి గురుని చుట్టును పరిభ్రమించుచు, మేఘములను మీదనుండి వంగి చూచిన చిత్రములను పంపినది. వాని ముందు నీ తోటలోని బొమ్మ ఎందులకు?

అల్లుడు: హబుల్ కాలము వేయిమంది శాస్త్రజ్ఞులకు పంచబడిన కాలము, గురుని అది ఎప్పుడో గాని చూడదు. జూనో మొదటి సంవత్సరములలో ఏబదిమూడు దినముల కొకపర్యాయము మాత్రమే గురుని చేరువకు వచ్చి, ఒక సన్నని పట్టీని దగ్గరగా చూచి దూరముగా పోవుచుండెను. ఆ నడుమ గురుని ముఖమెట్లు మారెనో తెలుపవలసినవారు పెరటి పరిశీలకులే. వారి చిత్రములను జూనో శాస్త్రజ్ఞులు కోరి తీసికొనిరి. 2006 ఫిబ్రవరిలో ఫిలిప్పీను దీవులలోని సెబూ నగరమునుండి క్రిస్టొఫర్ గో అను ఔత్సాహికుడు, గురునిపై నొక తెల్లని అండాకారపు తుఫాను ఎర్రబారినదని ప్రపంచమునకు మొదట తెలిపెను. 2009 జూలై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ తన పెరటిలోని పదునాలుగున్నర అంగుళముల దూరదర్శినితో గురుని దక్షిణధ్రువమునకు చేరువగా నొక క్రొత్త నల్లమచ్చను చూచెను. ఏదియో గ్రహశకలము గురునిపై పడినదని తెలిసి, హవాయిలోని పెద్ద దూరదర్శినులును, కొద్దిదినములలో హబులును ఆ వైపునకు తిరిగినవి. హబుల్‌కు దారి చూపినది ఒక పెరడు.

అంతదూర మేల? మన విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత వేధశాలను నిర్మించిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నిలిపి పెంచి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబముమీదుగా సాగిన సంక్రమణమును పరిశీలించిరి. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారిని సభ్యులుగా గ్రహించెను. గ్రీనిచ్ వేధశాల యుండగా విశాఖలో ఇది యెందులకని ఆనాడు వారు అనుకొనియున్నచో, మనకు ఆ చరిత్రయే లేకపోవును గదా.

మామయ్య: సరే, ప్రయోజనము కలదని ఒప్పుకొందును. అయినను నా ముఖ్యమైన ఆక్షేపణ ఇంకను చెప్పలేదు. నేను దూరదర్శినికి కన్ను చేర్చి కూర్చుందును. బింబము కదలుచుండును, కదలుచుండును. ఒక్క అరక్షణము గాలి నిలుచును. ఆ అరక్షణమున గురుని పట్టీల అంచులలో నొక గంటు, ఎర్రమచ్చ చుట్టు నొక తెల్లని వలయము కనబడును. వానిని కాగితముమీద గీయుదును. అది నేను చూచినది. నీవో, చూడవు. వేలకొలది బొమ్మలను యంత్రముచేత తీయించి, యంత్రముచేత ఏరించి, యంత్రముచేత కలిపించి, యంత్రముచేత పదును పెట్టించెదవు. ఏ ఒక్క క్షణమునందును ఆకాశమున లేని రూపము తుదకు తెరమీద వెలయును. దానిని గురుని చిత్రమనుట ఎట్లు?

అల్లుడు: మీరును ఏరుచున్నారు, మామయ్యా! గంటసేపు చూచి ఆ అరక్షణమును మాత్రమే గీసి, మిగిలిన కాలములో చూచిన కలతనంతయు విడిచిపెట్టుచున్నారు. చేటలో బియ్యము పోసి రాళ్లు ఏరినంత మాత్రమున అది బియ్యము కాకపోదు గదా! నేను చేయునదియు అదియే, లెక్కతో చేయుచున్నాను. నా దూరదర్శిని దర్పణము 20 సెంటీమీటరులు. డిగ్రీలో 3,600వ వంతును వికల యందురు, అట్టి వికలలో ఇంచుమించు ఆరు పదులవంతుల వివరమును అది వేరుపరచగలదు. మొన్నటి జనవరిలో గురుబింబపు వెడల్పు 46 వికలలు. గురుడు పది గంటల లోపున ఒక్క చుట్టు తిరుగుటచే, బింబమధ్యమందలి మచ్చ రెండు నిమిషములలో సుమారు అరవికల జరుగును. అందుచే రెండు నిమిషములకు మించి ఒక వీడియోను తీయను. సెకనుకు నూరు ఫ్రేముల చొప్పున పన్నెండువేల ఫ్రేములు లభించును. ఆటోస్టాకర్ట్ వంటి సాధనము వానిని పదును ననుసరించి వరుసపెట్టును. పదింట నొకటి చొప్పున పన్నెండువందలను ఏరి, ఒకదానిపైనొకటి సరిపరచి సగటు తీయుదును. కెమెరాలో పుట్టు చిల్లర చుక్కలు ఆ సగటులో ముప్పదియైదవ వంతునకు తగ్గును. గురునిపై నిజముగా నున్నది మాత్రము పన్నెండువందల ఫ్రేములలోను ఒకేచోట నుండుటచే నిలుచును.

ఈ ఏరికకు గణితమును కలదు. డేవిడ్ ఫ్రీడ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, గాలి తరంగమును చెదరగొట్టక విడుచు వెడల్పు ఎంతయని కొలుచుటకు 1966లో ఒక మానమును నిర్వచించి, 1978లో నిర్మలమైన చిత్రము అదృష్టవశమున లభించు సంభావ్యతను లెక్కకట్టెను. ఆ వెడల్పు 5 సెంటీమీటరులున్న రాత్రి నా 20 సెంటీమీటరుల దర్పణమునకు ఇంచుమించు సగము ఫ్రేములు మంచివగును. 4 సెంటీమీటరులకు తగ్గినచో తొమ్మిదింట నొకటి. అదే 5 సెంటీమీటరుల గాలిలో 35 సెంటీమీటరుల దర్పణము పెట్టినచో మూడువందల యేబది ఫ్రేములలో ఒకటి దొరకుటయు కష్టము. మన గాలిలో చిన్న దూరదర్శినికి సిగ్గుపడవలసిన పని లేదని ఈ లెక్కయే చెప్పుచున్నది.

మామయ్య: ఏరుట వరకు నీ మాట ఒప్పుదును. బియ్యము ఏరు ఇల్లాలు రాళ్లను తీసివేయునే గాని, చేటలో లేని క్రొత్త బియ్యమును పుట్టింపదు. నీవు తరువాత పెట్టు పదును మాటయేమి? 1877లో మిలాను నగరమున స్కియాపరెల్లి కుజునిపై సన్నని గీతలను చూచెను. పెర్సివల్ లోవెల్ వానిని బుద్ధిమంతులు త్రవ్విన కాలువలని నమ్మి, ఆ నమ్మకముమీద గ్రంథములను కట్టెను. 1909లో ఆంతోనియాది మ్యూడను వేధశాలలో 83 సెంటీమీటరుల దూరదర్శినితో గాలి నిలిచిన రాత్రి చూచినపుడు ఆ గీతలు విడిపోయి, వంకరటింకర మచ్చలుగా తేలినవి. గీతలు కావలెనను మనస్సునకు గీతలే కనబడును. వివరములు కావలెనను యంత్రమునకు వివరములే పుట్టును.

అల్లుడు: కాలువలను చూచినది కెమెరా కాదు, కన్ను.

మామయ్య: అందుచేతనే నా మాట వినుము. కన్ను చేసిన ఆ తప్పును మీ యంత్రములు మరల చేయుచున్నవి. కుజుని వెలుగు అంచునకు లోపలగా, పదును పెట్టుటవలన పుట్టు నొక నకిలీ వలయము కనబడుననియు, అది కుజునిపై లేదనియు నీవే నాకు చూపితివి. ఇప్పుడు కృత్రిమమేధ సాధనములు వచ్చినవి. అవి ఎన్నో అందమైన గురుచిత్రములను చూచి నేర్చుకొని, నీ మసకబొమ్మలో లేని మెలికలను ఉండవలసిన విధముగా పూరించును. అది పరిశీలనము కాదు. పరుల జ్ఞాపకమును నీ చిత్రముపై పూయుట.

అల్లుడు: ఈ మాటకు నేను ఎదురు చెప్పను. పదును పెట్టుటలో ధర్మమును అధర్మమును రెండును కలవు. గాలి వివరమును ఎంతగా పలుచన చేసినదో అంచనా కట్టి, అంతమేరకే దానిని తిరిగి పైకి తెచ్చుట ధర్మము; రెజిస్టాక్స్ వంటి సాధనములు చేయునది ఇదియే. దర్పణము వేరుపరచజాలని సూక్ష్మతను చూపబూనుట అధర్మము. దీనికి పరీక్ష కలదు. పన్నెండువేల ఫ్రేములను సరిసంఖ్యలవి, బేసిసంఖ్యలవి అని రెండుగా విభజించి, వేర్వేరుగా కూర్చి, వేర్వేరుగా పదును పెట్టవలెను. రెండింటను కనబడిన మచ్చను చిల్లర చుక్కలు పుట్టింపలేదని నమ్మవచ్చును. ఒకదానిలో కనబడి రెండవదానిలో కనబడనిదానిని విడువవలెను. పదునువలన పుట్టు నకిలీ వలయము రెండింటను రాగలదు గనుక, ఈ పరీక్షతో ఆగక, పదును తగ్గించి మరల చూడవలెను. అదే రాత్రి వేరొక ఊరినుండి వేరొకరు తీసిన చిత్రముతోను పోల్చవలెను. నేర్చుకొని పూరించు కృత్రిమమేధను గ్రహచిత్రమున వాడరాదని మీతోపాటు నేనును అందును.

మామయ్య: అట్లయినచో మన వాదము ఒక కొలిక్కి వచ్చినది. మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము మొదలగువానిని ప్రమాణములనిరి. నీ చిత్రము ప్రత్యక్షము కాదు. నీవు దానిని ఏ క్షణమునందును చూడలేదు. దానిని సాక్షివాక్యమని యొప్పుకొందును. సాక్షిని ప్రశ్నింపవలెను, ప్రశ్నించుటకు వీలుగా అతడు తన వృత్తాంతమును దాచక చెప్పవలెను. ఎన్ని ఫ్రేములనుండి ఎన్ని ఏరితివి, ఎంత పదును పెట్టితివి, ఏ గంటకు ఏ నిమిషమునకు తీసితివి – ఇవి లేని చిత్రము గోడకు అలంకారమగునే గాని శాస్త్రమునకు సాక్ష్యము కాదు. అయినను ఒక్క విషయమున నేను నా మాటను మార్చుకొనను. కంటితో చూచి గీయుట మానినవానికి, ఏది గురునిది, ఏది గాలిది అని తెలియు వివేకము అలవడదు. నీ తోటలో నేర్చుకొనవచ్చిన పిల్లలకు కెమెరాకు ముందుగా కాగితమును పెన్సిలును ఇమ్ము.

అల్లుడు: పిల్లలకు కాగితమును తప్పక ఇచ్చెదను, కాని గీత వచ్చువరకు కెమెరాను వారినుండి దాచను. మీ చేతిలోని గీత మీ కంటితోనే పోవును, నా వీడియో మిగిలియుండును. ఇరువది సంవత్సరముల తరువాత నాకన్న మేలైన గణితము తెలిసినవాడు అదే వీడియోను తిరిగి కూర్చి, నేను చూడనిదానిని చూడగలడు. అందుచే మూలమును చెరుపక దాచుటయు సాక్షిధర్మములోనిదే యని చేర్చుడు.

ఇరువురి మాటలను విన్నపిమ్మట నాకు తోచిన నిర్ణయమిది. గాలిని మనము జయింపలేము. అది నిలిచిన క్షణములను ఏరుకొనుట కంటికిని కెమెరాకును సమానమైన మార్గము. అందు అసత్యము లేదు. ఏరినట్లు చెప్పకపోవుటయు, ఏరుకొన్నదానికి లేనిదానిని చేర్చుటయు అసత్యములు. కెమెరా మంచిదా, పెన్సిలు మంచిదా యనునది తరువాతి ప్రశ్న. వివరములను దాచనివాని చేతిలో రెండును మంచివే. శంషాబాదులో గాని, కొత్తూరులో గాని, విశాఖలో గాని, అమెరికాలోని ఏ తెలుగుఇంటి పెరటిలో గాని దూరదర్శినిని నిలిపిన పాఠకులకు నా మనవి ఇది: వర్షాకాలము గడచి ఆకాశము తేటపడినపుడు గ్రహము నడినెత్తికి వచ్చువరకు వేచియుండుడు, పచ్చికపై నిలువుడు, చిత్రము క్రింద అంతర్జాతీయ కాలమును, దర్పణపు వెడల్పును, తీసిన ఫ్రేములను, ఏరిన ఫ్రేములను తప్పక వ్రాయుడు, మూల వీడియోను చెరుపకుడు. రేపు గురునిపై మరియొక నల్లమచ్చ పుట్టినపుడు ప్రపంచమునకు కావలసినది అందమైన బొమ్మ కాదు, నిమిషముతో సహా నమోదైన సాక్ష్యము.